జుబియా పెట్టబోయిన వేరు కుంపటి

జుబియాకు ఒక మాట మీద నిలబడటం చిన్నప్పటినుంచీ చేతకాదు. చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే నిజమనిపిస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి, వచ్చిన బస్సు ఎక్కాలా, వెనకాల ఖాళీగా వచ్చేదాని కోసం ఆగాలా అని ఆలోచిస్తూ రెండింటినీ వదిలేసి, చివరికి షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి వెళ్ళిన రోజులు బోలెడు. బీసెంట్ రోడ్డులో చుడీదార్ గుడ్డ కొనడానికి వెళ్తే కొట్టతనికే విసుగొచ్చి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాల్సిందే. అలాంటి మనిషి నెత్తిన రెండువేల ఆరో సంవత్సరంలో ఒక పెద్ద నిర్ణయం వచ్చి పడింది.

అప్పటికి ఆమె గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. ఇల్లు వన్‌టౌన్‌లో, పంజా సెంటర్ వెనక సందులో. తండ్రి నిసార్ అహ్మద్‌కు ఆటోనగర్‌లో లారీల కమాను పట్టీలు బాగుచేసే షెడ్డు ఉంది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మున్సిపల్ స్కూల్లో తెలుగు మీడియంలోనే చదివిన పిల్ల కాబట్టి ఆమె తెలుగు ఎక్కడా తడబడదు. కొత్తవాళ్ళు పేరు తెలిశాక, మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ అని మెచ్చుకునేవారు. పాపం, వాళ్ళు మంచి మనసుతోనే అనేవారు. ఆమెకు మాత్రం లోపల చివుక్కుమనేది. పుట్టి మాటలు వచ్చినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషను బాగా మాట్లాడుతున్నావంటే ఏమని జవాబు చెప్పాలి?

ఆ సెంటర్‌కు శివపార్వతి అనే ఆవిడ కంప్యూటర్ నేర్చుకోవడానికి రావడంతో ఈ కథ మొదలైంది. చల్లపల్లి దగ్గర పల్లెటూరు ఆమెది. పుట్టుకతోనే చూపు లేదు. పట్టుదలగా చదువుకుని, ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, లబ్బీపేటలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేది. జుబియా కంటే అయిదారేళ్ళు పెద్ద. తెర మీద ఉన్న ఇంగ్లీషును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటి ఆమె దగ్గర ఉంది. ఆఫీసు పనంతా దానితోనే చక్కబెట్టేది. కానీ తెలుగు అక్షరం ఎదురైతే అది నోరు మూసుకునేది. బ్రెయిలీలో దొరికే తెలుగు పుస్తకాలు ఆమెకు స్కూల్లో ఉండగానే అయిపోయాయి. ఇంగ్లీషులో తనకు సర్క్యులర్లు తప్ప ఏముంటాయండీ, వార్తలు చదవాలన్నా కథలు చదవాలన్నా తెలుగే కదా అని ఒకరోజు ఆవిడ మామూలుగానే అంది. జుబియాకు ఆ రోజు అన్నం సయించలేదు.

తెలుగును చదివి వినిపించే ప్రోగ్రాం తానే రాస్తానని మొదలుపెట్టింది. తెలుగు అక్షరాలన్నిటినీ గుణింతాలతో, ఒత్తులతో సహా తన గొంతుతోనే రికార్డు చేయడం, తెర మీద ఏ మాట కనిపిస్తే దానికి తగిన ముక్కలను అతికించి పలికించడం. చెప్పుకోవడానికి ఇంతే. చేయడానికి రెండేళ్ళు పట్టింది. బెజవాడ ఎండాకాలంలో ఫ్యాను ఆపితే ప్రాణం పోతుంది, ఆపకపోతే రికార్డింగులో గాలి హోరు వస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇల్లంతా చల్లగా కాకపోయినా నిశ్శబ్దంగానైనా ఉంటుంది, కానీ అప్పుడు కంప్యూటరే ఉండదు. వెనకగదిలో కిటికీలకు బొంతలు కట్టి, చెమటలు కక్కుతూ, అ నుంచి ఱ దాకా తన గొంతులో పెట్టింది. దానికి ఊసు అని పేరు పెట్టుకుంది. ఎవరితోనూ అనలేదు కానీ, తెలుగు మొత్తం తన గొంతులో పలుకుతుంటే ఆమెకు గర్వంగా ఉండేది. ఇక తన తెలుగు గురించి ఎవరూ మెచ్చుకోవాల్సిన పని లేదనిపించేది.

ఊసును మొదటిసారి వినిపించినప్పుడు శివపార్వతి, బాగుందండీ అంది. ఒత్తులు సరిచేశాక మళ్ళీ వినిపిస్తే, ఇంకా బాగుందండీ అంది. జుబియా ప్రతివారం ఇంటర్నెట్ నుంచి వార్తలూ కథలూ దించి సీడీలో వేసి, హాస్టల్ గదిలో ఆవిడకున్న కంప్యూటర్లో ఊసు చేత చదివించుకోమని ఇచ్చేది. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు.

ఇక జాన్‌బాబు సంగతి. ఇతను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునేవాడు. ఓపెన్ సోర్స్ అంటే ప్రాణం పెట్టేవాడు. ప్రోగ్రాం రాసినవాళ్ళు దాని లోపలి గుట్టంతా లోకానికి బయటపెట్టేస్తారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. అదీ ఓపెన్ సోర్స్. ఊళ్ళో ఇలాంటి అభిమానులకు ఒక సంఘం ఉండేది. కొత్తగా చేరేవాళ్ళకు ఏ ప్రోగ్రాములున్న సీడీ పంచాలన్న దగ్గర మాటామాటా పెరిగి అది రెండుగా చీలింది. ఒకటి పటమటలో కలుసుకుంటే రెండోది గాంధీనగర్‌లో కలుసుకునేది. చిత్రమేమిటంటే రెండింటికీ వచ్చే జనం ఇంచుమించు వాళ్ళే. గాంధీనగర్ వర్గానికి జాన్‌బాబు పెద్ద.

ఊసు విని అతను ఎగిరి గంతేసినంత పనిచేశాడు. దీన్ని సొంత ప్రాజెక్టుగా ఇంటర్నెట్‌లో పెట్టాలన్నాడు. వారం తిరక్కుండా తానే మళ్ళీ వచ్చి, విదేశాల్లో ఇలాంటిదే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉందని చెప్పాడు. అది మనిషి గొంతు వాడదు. ఏ అక్షరాన్ని ఎలా పలకాలో సూత్రాలు రాసిస్తే కంప్యూటరే శబ్దం పుట్టిస్తుంది. చూపు లేనివాళ్ళు చాలా దేశాల్లో దాన్ని వాడుతున్నారు. ఎన్నో భాషలున్నాయి, తెలుగు లేదు. కొత్తది పెట్టడం కంటే వెళ్ళి అందులో చేరడమే మేలేమో అన్నాడు. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ళ ప్రాజెక్టులు ఇంటర్నెట్‌లో ఎలా పడి ఉన్నాయో చూపించాడు. తాళం వేసి ఊరెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళలా ఉన్నాయి అవన్నీ. రాసినవాళ్ళకు పెళ్ళయింది, ఉద్యోగం మారింది, ఓపిక పోయింది. అడిగేవాళ్ళ ప్రశ్నలు మాత్రం జవాబుల్లేకుండా వేలాడుతున్నాయి. రేపు నీకు ఏదైనా అయితే ఊసు గతి ఇంతే అని జాన్‌బాబు అన్నాడు. అతని ఉద్దేశం పెళ్ళి.

జుబియా ఆ విదేశీ ప్రాజెక్టు పెద్దకు ఈమెయిల్లో ఉత్తరం రాసింది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. తెలుగు సూత్రాలు రాసి, విని, తప్పులు సరిచేసే మనిషి దొరికితే తమకు చాలా సంతోషమనీ, ఆమె రికార్డింగులు మాత్రం అవసరం లేదనీ ఆయన రాశాడు. ఆ అవసరం లేదన్న ముక్క దగ్గర ఆమె ఆగిపోయింది. మర్యాదగా రమ్మన్నాడా, మర్యాదగా పొమ్మన్నాడా? మన వైపు ఎవరైనా అయితే ముందు నాలుగు మాటలు పొగిడి, ఆ తర్వాత చల్లగా వద్దనేవారు. ఈయన ఒక్క వాక్యంలో రెండేళ్ళ చెమటను పక్కన పెట్టేశాడు. మళ్ళీ చివర్లో కృతజ్ఞతలు చెప్పాడు. చదివినకొద్దీ కోపం రావాలో సంతోషించాలో ఆమెకు అంతుపట్టలేదు.

తండ్రిని అడిగింది. ఆటోనగర్‌లో పద్ధతి వేరు. పని నేర్చుకున్న శిష్యుడు ఎంత మంచివాడైనా ఉస్తాదు దగ్గరే ఉండిపోతే అందరూ తక్కువగా చూస్తారు. చేయి తిరిగాక ఉస్తాదు ఒక పానాల సెట్టు కొనిచ్చి దీవించి పంపాలి. వాడు అదే రోడ్డులో, చాలాసార్లు ఎదురుగానే, సొంత షెడ్డు పెట్టుకోవాలి. మొదటి లారీకి మొదటి సుత్తి దెబ్బ ఉస్తాదే వచ్చి వేస్తాడు. నిసార్ అహ్మద్ అలా పెట్టినవాడే, అలా పెట్టించినవాడే. అందువల్ల కూతురు చెప్పింది విని ఆయన చాలాసేపు గడ్డం సవరించుకున్నాడు.

"వాళ్ళ షెడ్డులో చేరితే జీతం ఇస్తారా?" అని అడిగాడు.

ఇవ్వరని జుబియా చెప్పింది. సొంతది పెడితే డబ్బులొస్తాయా అంటే అదీ రాదంది. మరి ఎందుకు ఇంత బాధ పడుతున్నావని ఆయన అడిగాడు.  జవాబు కోసం ఆగకుండా తన తీర్పు తానే చెప్పాడు. జీతం లేనప్పుడు పేరైనా మిగలాలి కాబట్టి సొంతదే పెట్టాలి. ఆ మధ్యాహ్నమంతా ఆమెకు సొంతదే సరైనదనిపించింది. సాయంత్రం జాన్‌బాబు ఫోన్ చేస్తే చేరడమే సరైనదనిపించింది. ఒక పక్క తన గొంతు. ఇంకో పక్క ఎవరి గొంతూ కాని గొంతు, కానీ తాను ఉన్నా లేకపోయినా బతికేది. నెల రోజులు ఇలా మల్లగుల్లాలు పడింది. పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఏం చెబుతున్నానని పిల్లలనే అడిగేది.

చివరికి శివపార్వతినే అడిగింది. అసలు ఆమె కోసమే కదా ఇదంతా. శివపార్వతి ఒక్క క్షణం ఆగింది. తర్వాత, మీ ఇష్టమండీ, మీరేం చేసినా బాగానే ఉంటుంది అంది. ఆ ఒక్క క్షణాన్ని జుబియా పట్టించుకోలేదు. ఊసు బాగానే ఉందన్నారు కాబట్టి ఊసునే నిలబెడదామని అనుకుంది. జీవితంలో మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డానని లోలోపల పొంగిపోయింది కూడా.

జాన్‌బాబు కూడా తన పాత మాట మర్చిపోయి హుషారుగా ఏర్పాట్లలో పడ్డాడు. ఆదివారం గాంధీనగర్‌లో చిన్న హాలు తీసుకున్నారు. ఊసును అందరి ముందూ ఇంటర్నెట్‌లో పెట్టడం, శివపార్వతి చేత ఒక కథ వినిపించడం. తెలుగుకు తన గొంతు అని పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ అచ్చయింది. అడుగున జుబియా పేరు.

ముందు రోజు మధ్యాహ్నం, సభలో వినిపించాల్సిన కథ సీడీ ఇవ్వడానికి జుబియా హాస్టల్‌కు వెళ్ళింది. వరండాలో చెప్పులు విడుస్తుంటే గదిలోంచి గరగరమని ఒక మిషను గొంతు గుక్క తిప్పుకోకుండా వాగడం వినిపించింది. రేడియో చెడిపోయిందనుకుంది. తలుపు దగ్గర చెవి పెడితే అక్కడొకటి ఇక్కడొకటి మాట తెలిసింది. బ్యారేజీ. నీటిమట్టం. నారుమళ్ళు. తెలుగే. తెల్లదొర ఎవరో నేర్చుకున్న తెలుగులా ఉంది, అదీ వాణ్ణి కుక్క తరుముతుండగా మాట్లాడినట్టు.

అదేమిటో జుబియాకు అర్థమైంది. రెండేళ్ళ కిందట, రికార్డింగులు మొదలుపెట్టకముందు, ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి ఇంగ్లీషు చదివే ఆ పాత సాఫ్ట్‌వేరు గొంతుకే అందించడం దాని పని. వచ్చిన తెలుగు విని సిగ్గుతో చచ్చిపోయి, దాన్ని తీసిపారేయమని శివపార్వతికి చెప్పింది. ఆవిడ తీసిపారేయలేదు. ఇన్నాళ్ళూ దాన్నే వింటోంది.

లోపలికి అడుగు పెట్టేసరికి శివపార్వతి గబగబా తడుముకుని దాన్ని ఆపేసింది. వచ్చింది ఎవరో అడుగుల చప్పుడును బట్టే తెలిసింది కాబోలు, ముఖం కందిపోయింది. జుబియా మంచం అంచున కూర్చుంది. ఇదేనా మీరు రోజూ వినేది అని అడిగింది.  ఊసు పనిచేయడం లేదా అంటే, పనిచేస్తోందంది. తర్వాత ఆవిడే మెల్లగా చెప్పింది.

"మీ గొంతు బాగుంటుందండీ, అది అబద్ధం కాదు. కానీ మీ గొంతులో వింటుంటే ఎవరో పక్కన కూర్చుని నాకు చదివిపెడుతున్నట్టు ఉంటుంది. బుద్ధెరిగినకాడ్నించీ అందరూ నాకు చదివిపెడతానే ఉన్నారు. వాళ్ళకి తీరికైనప్పుడు, వాళ్ళకి నచ్చినంత, వాళ్ళ స్పీడులో. ఇదేమో మనిషి కాదు. ఎంత తరిమినా ఏమనుకోదు. ఇది మాట్లాడుతుంటే చదివేది నేనే అనిపిస్తది."

"మరి అన్నిసార్లు బాగుందని ఎందుకన్నారు?"

"ఎండాకాలంలో ఫ్యాను ఆపుకుని చేశానని మీరే చెప్పారు కదండీ. ఇంక ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?"

నాలుగోసారి వడ్డిస్తున్నా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టలేని జనం మనం. కడుపు పగులుతున్నా బాగుందనే అంటాం. ఈ మొహమాటం వల్ల ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని కొంపలు మునిగాయో లెక్క లేదు. జుబియాకు మాత్రం ఆ గదిలో ఇదేమీ తోచలేదు. ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడుపు వచ్చింది. అడిగింది తానే. కానీ ప్రతిసారీ బాగుందా అని అడిగిందే తప్ప, ఏం కావాలని ఒక్కసారీ అడగలేదు. ఈ సంగతి తట్టాక ఏడవడానికి కూడా సిగ్గేసింది. సీడీ చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చి, ఏ బస్సూ ఎక్కకుండా ఎండలో వన్‌టౌన్ దాకా నడిచింది.

సభను జుబియా ఆపేయించింది. ఫ్లెక్సీ అచ్చు వేయించాక ఇదేం పనని జాన్‌బాబు చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి జుబియా గట్టి నిర్ణయం తీసుకుందని చెబితే కథ బాగుంటుంది కానీ, అలా జరగలేదు. పొద్దున ఊసే నయమనిపించేది. చూపున్నవాళ్ళంతా దాన్నే మెచ్చుకున్నారు కదా, ఒక్క శివపార్వతి మాటతో తెలుగుకు గొంతు లేకుండా చేయడం న్యాయమా అనిపించేది. మధ్యాహ్నానికి, చూపున్నవాళ్ళకు ఇది ఎందుకు, వాళ్ళు కళ్ళతో చదువుకుంటారు కదా అని తన మీద తనకే నవ్వొచ్చేది. అంత గందరగోళంలోనే, విదేశం నుంచి వచ్చిన ఉత్తరానికి ఇంకా జవాబు రాయలేదని గుర్తొచ్చి, చూస్తానని చెప్పడానికి కూర్చుని, సూత్రాలు నేను రాస్తానని రాసి పంపేసింది. పంపాక చాలాసేపు భయపడింది.

ఇక పని మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి విని సరిచూసేది శివపార్వతే. ఆ మిషను గొంతు దగ్గర ఆవిడ ఇంకో మనిషి. ఈ ళ ఏంటండీ ముద్దగా పడుతోంది, ఈ దీర్ఘం సాగట్లేదు, ఇది తెలుగు కాదు ఇంకేదో అని నిర్దాక్షిణ్యంగా తిప్పికొట్టేది. ఇంత కటువుగా ఎలా మాట్లాడుతున్నారని జుబియా ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. ఇది మీ గొంతు కాదు కదండీ అని శివపార్వతి నవ్వింది. జుబియాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది, హాయిగానూ అనిపించింది. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో ఆమెకు బోధపడలేదు.

మరుసటి ఏడాది ఆ ప్రాజెక్టు కొత్త రూపంలో తెలుగు కూడా చేరింది. సాయం చేసినవాళ్ళ పేర్లు ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయి, వాటి మధ్య జుబియా పేరు. తండ్రికి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతికి పట్టుకున్నాడు. తర్వాత ఆ గొంతు కాసేపు విన్నాడు.

"ఎవరిది బేటీ ఈ గొంతు?"

"ఎవరిదీ కాదు అబ్బా."

"మరి ఇందులో నీదేది?"

జుబియా ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆ దీర్ఘాలు తనవి అందామంటే అవి శివపార్వతి పట్టుబట్టి సాగదీయించినవి. ఏమోనంది. నిసార్ అహ్మద్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు. అర్థమై వెళ్ళాడో, అర్థంకాక వెళ్ళాడో తెలియదు. షెడ్డుకు వెళ్ళిపోయాడు.

కొత్త ప్రోగ్రాం శివపార్వతి కంప్యూటర్లో జుబియానే స్వయంగా ఎక్కించింది. ఒక ఆదివారం పొద్దున హాస్టల్ గదిలో, పెద్ద నవల ఒకటి తెరిచి, వినండి అంది. శివపార్వతి ఒక వాక్యం మామూలు వేగంతో వింది. తర్వాత వేళ్ళు కదిలించింది. గొంతు పరుగందుకుంది. మళ్ళీ కదిలించింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడి చివరికి ఒక జోరు తప్ప ఏమీ మిగల్లేదు. జుబియా ముందుకు వంగి వింది. ఆ సూత్రాలు తాను రాసినవి. ఆ తెలుగు తన తెలుగు. అందులో ఒక్క ముక్క ఆమెకు అర్థం కాలేదు. శివపార్వతి ముఖంలో మాత్రం ఏవేవో కదులుతున్నాయి. ఒకచోట కనుబొమలు ముడిపడ్డాయి, ఒకచోట పెదవి చివర నవ్వు మెదిలింది, ఒకచోట గుటక మింగింది.

ఉన్నట్టుండి తనను ఏదో ఇంటి బయట నిలబెట్టి తలుపు వేసినట్టు జుబియాకు అనిపించింది. కొంచెం స్పీడు తగ్గించండి పార్వతి గారూ, కథలో ఏమైందో నాకూ చెప్పండి అని అడిగింది.

శివపార్వతి తల తిప్పలేదు. ఎప్పుడూ చెప్పే ఆ బాగుందండీ కూడా చెప్పలేదు.

"కాసేపు ఆగండి జుబియా గారూ. చదువుకుంటున్నాను."

జుబియా ఆగింది.